మా ఇంటి లెక్క ముగ్గురు

శుద్ధ విదియ. గాలి ఆగ్నేయం. తాళ్లు గట్టిగా ఉన్నాయి. నీళ్లు తక్కువ.

తేలూరు సముద్రం మీద తేలే ఊరు, అందుకే ప్రతి ఇంటికీ, పడవకు ఉన్నట్టే, ఒక దినచర్య పుస్తకం ఉండాలి. గాలి ఎటు, తాళ్లెలా ఉన్నాయి, నీళ్లు సరిపోతున్నాయా అన్న పై వరస మాత్రమే ఊరిని నడిపే తాళ్ల పెద్దలు చూస్తారు. కింద ఏం రాసుకున్నా అడిగేవాళ్లు లేరు. మా ఆయన సూరిబాబు కింద ఏమీ రాయడు. నేను రాస్తాను. నా నోరు ఊరుకోదు, పైగా ఈమధ్య నోటితో అనలేనివి చాలా పోగయ్యాయి.

పొద్దున్నే చాటింపు పడవ వచ్చింది. లంగరు మార్పు అష్టమినాడట. ఇళ్లన్నీ పాత చోటి నుంచి విప్పి, గాలికి తగ్గట్టు కొత్త వరసల్లో కడతారు. ఈలోగా ప్రతి గుమ్మానికీ కెమెరా ఉండాలట. లేని ఇంటిని చివరి వరసకు తోసేస్తారు. చివరి వరస అంటే అల నేరుగా వచ్చి గోడను కొట్టే చోటు.

ఎందుకని అడిగితే మంచి కారణమే చెప్పారు. కిందటి తుఫానులో ఏ ఇంట్లో ఎందరున్నారో తెలియక రక్షణ పడవలు కొందరిని వదిలేసి వచ్చాయి. ఇకమీదట కెమెరాయే తలలు లెక్కపెట్టి రోజూ పంపుతుంది. ఆ లెక్క ప్రకారమే మంచినీళ్లు. ఆ లెక్క ప్రకారమే రక్షణ పడవలో చోటు.

ఊరి పుస్తకాల్లో మా ఇంటి లెక్క ఇద్దరు. ఇంట్లో ఉన్నది ముగ్గురం.

మూడో మనిషి మా వదిన నీలవేణి, మా అన్నయ్య తాతారావు భార్య. నెల కిందట నాచు పడవలో వలల కింద పడుకుని మా ఇంటికి వచ్చింది. అన్నయ్య ఆమె కోసం ఊరంతా గాలిస్తున్నాడు. ఆమె పుట్టింట్లో వెతికాడు, స్నేహితురాళ్ల ఇళ్లలో వెతికాడు. మా ఇంట్లో మాత్రం వెతకలేదు. తోడబుట్టినదాన్ని కాబట్టి తన పక్షమే ఉంటానని వాడి ధీమా. నెల నుంచీ ఆ ధీమాయే మా వదినకు గొళ్లెం.

వాడి ఉద్యోగం కళ్లగదిలో. ఊరి కెమెరాలు చూసినవన్నీ వచ్చి చేరే గది అది. గుమ్మం మీద కెమెరా పెడితే వదిన వాడి కళ్లబడుతుంది. పెట్టకపోతే చివరి వరస. లెక్కలోకి రాకపోతే తుఫానులో ఆమెకు పడవలో చోటు లేదు.

"నేనెల్లిపోతాను భవానీ, నా మూలంగా మీ ఇల్లు సివరికి పోద్ది" అంది వదిన, అన్నం కలుపుకుంటూ.

"ఎక్కడికెల్తావు, సముద్రంలోకా? తిను ముందు" అన్నాను. ఆమెను పంపను. ఇల్లు చివరి వరసకు పోనివ్వను. రెండూ జరగాలి, ఎలాగో ఇంకా తెలియదు.

చవితి. గాలి అదే. ఎడమ తాడు కొంచెం నలిగింది, మార్చాను.

తాళ్లు అల్లడం నా పని కాబట్టి మా ఇంటి తాడు నలిగితే నాకే సిగ్గు. వంగి ముడి వేస్తున్నాను, వంతెన చెక్క కిర్రుమంది. అడుగు చూడక్కర్లేదు, అన్నయ్యే. "వదినా, దాక్కో" అని అరవలేను కదా. గోడను రెండుసార్లు తట్టాను. అది మా గుర్తు. లోపల తాళ్ల కొట్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక లేచాను.

వాడి చేతిలో పెట్టె ఉంది. "ఇంద. ఊరి కెమెరా. నీకోసం కొత్తది తీసుంచాను. ఊరికినే. నిచ్చెనియ్యి, నానే బిగించేసి ఎల్తాను."

అది బిగిస్తే వదిన వాడి కళ్లబడినట్టే. పైకి మాత్రం మూతి ముడిచాను. "బాగుందన్నయ్యా. సెల్లెల్ని సూడ్డానికొచ్చి సీర పెట్టాలి గానీ, కెమెరా పెట్టే అన్నని నిన్నే సూత్తన్నాను."

"సీరకి డబ్బులెక్కడియ్యే."

"ఊరికినే వచ్చింది తెచ్చి నాకు పెట్టడమేంటి, నేనేమన్నా దిక్కులేనిదాన్నా? నా గుమ్మానికి నేనే కొనుక్కుంటాను. నువ్వు సీర తే."

వాడు పగలబడి నవ్వాడు. ఎండు చేపల పొట్లం చేతిలో పెట్టి, నా తల మీద చిన్నప్పటిలాగే ఒక మొట్టికాయ వేసి వెళ్లిపోయాడు. నాకు వాడు మంచి అన్నయ్య. అదే నా చిక్కు. అలాంటివాడు ఇంట్లో ఏం చేశాడో వదిన చెప్పినప్పుడు మొదట నమ్మలేదు, చేతులు చూపిస్తే నమ్మాను.

వాళ్లింట్లో కెమెరాలు వంటగదిలో కూడా ఉండేవి. వాడు కళ్లగదిలో కూర్చుని ఆమెను చూస్తూ ఉండేవాడు. కెమెరాకు నోరుండేది. కూర కలుపుతుంటే వెనక నుంచి "ఉప్పు సాలు" అనేదట. కిటికీ దగ్గర ఆగితే "ఎవరికోసం" అనేదట. పగలు కెమెరా అడిగినదానికి రాత్రి వాడు ఇంటికొచ్చి కొట్టేవాడు.

షష్ఠి. గాలి పడింది. నీళ్లు మరీ తక్కువ.

బజారు పడవకు వెళ్లాను. తేలూరులో తీగలున్న వస్తువు ఎవరూ కొనరు, ఇల్లు ఊగినప్పుడల్లా తెగుతుంది. కాబట్టి కెమెరాలన్నీ తీగ లేనివే. అమ్మే మస్తాన్ గారు బల్ల మీద మూడు రకాలు పరిచాడు. ప్రతిదాన్నీ అదే మురిపెంతో చూపిస్తాడు.

"ఇది సీకట్లో కూడా సూత్తాదండి. ఇది ఎండతోనే బతుకుద్ది. ఇదిగో ఇది ఉప్పునీల్లలో ముంచినా పాడవదు."

"అన్నీ బాగానే సూత్తాయి గానీ, సూసింది ఎవరికి సెప్తాయండి?" అని అడిగాను.

ఆయన చేతిలోది కింద పెట్టాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. మొదటిది ఊరి కెమెరాయే, రంగు మాత్రం వేరు. చూసిందంతా కళ్లగదికి. రెండోది ఒడ్డున ఉన్న ఏదో కంపెనీకి పంపుతుంది. అక్కడ దాచిపెడతారు, ఇంటి తాలూకు మగవాళ్లెవరైనా అడిగితే ఇస్తారు.

"తాలూకు అంటే?"

"భర్త, తండ్రి, అన్న... అలాగండి."

దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

మూడోది చూడ్డానికి బాగాలేదు. బూడిద రంగు, మూలన సొట్ట. దాంతో పాటు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి వస్తుంది. చూసిందీ విన్నదీ ఆ పెట్టెలోనే ఉంటుంది, మనం తెరిస్తేనే మళ్లీ కనపడి వినపడుతుంది, పెట్టె ఇంట్లో ఉంటుంది. బయటకు పోయేది రోజుకు ఒక్క మాట: ఇంట్లో ఆడ ఎందరు, మగ ఎందరు. గుమ్మంలో కనపడిన మనిషినే అది లెక్కపెడుతుంది, వచ్చి వెళ్లిపోయినవాళ్లను తీసేస్తుంది, లోపలికి చూడదు. అంతకన్నా తక్కువ చెప్తే ఊరి నియమానికి సరిపోదట.

"ఎదర పెద్ద గాజు బొమ్మ సూత్తాది. పక్కనున్న ఈ సిన్న గాజు ఒంటి ఏడి సూత్తాది. మడిసికీ బొమ్మకీ తేడా దాంతోనే తెలుత్తాది. దాని మీద ఉప్పు పేరుకోకుండా తుడుత్తా ఉండండి" అన్నాడు.

"నోరుందా?"

"సెవుందండి. నోరు లేదు. అందుకే ఎవరూ కొనట్లేదు."

మిగతా రెండింటి కన్నా చాలా ఖరీదు. రెండో మాట లేకుండా తీసుకున్నాను. ఇంటికొచ్చి వదిన ముందు పెడితే ఆమె గోడకు జరిగి కూర్చుంది. దూరం నుంచే అటూ ఇటూ తల వంచి చూసింది.

"నోరెక్కడుంటాది దీనికి?"

"లేదు."

"తెరిసి సూపించు."

సూరిబాబు మర తీసి, లోపలి సామాను గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించాడు. "సూడు సెల్లెమ్మా, ఇందులో మాటాడేదేం లేదు." ఆమె ప్రతిదాన్నీ తిప్పి చూసింది. అన్నీ అయ్యాక, "సరే, పెట్టుకోండి" అంది. ఇంట్లో ఏ వస్తువైనా పెట్టడానికి తనను ఒకరు అనుమతి అడగడం ఇదే మొదటిసారట. ఆ మాట విని నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.

అష్టమి. గాలి లేదు. లంగరు మార్పు అయింది. కొత్త తాళ్లు నాలుగు వైపులా కట్టాను.

ఆరో వరస వచ్చింది. అలకూ మాకూ మధ్య ఇంకా అయిదు వరసలు అడ్డం, మంచి చోటు. కెమెరా చూపించగానే తాళ్ల పెద్దలు తల ఊపి రాసుకున్నారు.

కెమెరాను ముంగిట్లో జెండా కర్ర మీద, గుమ్మం వైపు తిప్పి బిగించాం. వంతెన మీద ఎవరొచ్చినా, గుమ్మంలో ఎవరు నిలబడినా లోపలి పెట్టె సన్నగా గంట కొడుతుంది. వదిన దాక్కోవడానికి ఇక గోడ తట్టక్కర్లేదు. కొత్త వస్తువు కదా, కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. పెద్ద గాజుకు పెడితే దానికి కనపడదు కదా అని తెలివిగా పక్కనున్న చిన్నదానికి పెట్టాను.

తరవాత గుమ్మానికి దిష్టిబోయా కట్టాం. ఒడ్డున ఉన్నప్పుడు గుమ్మడికాయ కట్టేవాళ్లట. ఇక్కడ గుమ్మడికాయ తినడానికే దొరకదు, కట్టడానికి ఎక్కడిది. నీళ్ల మీద గుర్తుగా తేలే బోయాల్లో పాతది ఒకటి తీసుకుని, కళ్లు, కోరలు, మీసాలు గీసి కడతాం. కొత్త చోటికి వచ్చాక కట్టిన బోయాను మళ్లీ లంగరు మార్చేదాకా ముట్టుకోకూడదు. ఈసారి మొహం వదిన గీసింది. మీసాలు చెవులదాకా లాగింది.

"మా అన్నయ్యలా ఉందేంటి?" అన్నాను.

"ఈయన మంచోడు. పలకడు" అంది.

ఇన్నాళ్లూ పొద్దు వాలాక వదిన ముంగిట్లోకి వచ్చి కాసేపు జుట్టు ఆరబెట్టుకునేది. ఇవాళ తలుపు దాకా వచ్చి, కెమెరా కేసి చూసి, అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో కనపడితే లెక్కలో ఇద్దరు ఆడవాళ్లవుతారు, ఆ లెక్క కళ్లగదికి పోతుంది. తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. ఆమె భద్రతకని నేనే తెచ్చి, ఆమెకున్న కాస్త ఆకాశమూ మూసేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

దశమి. గాలి తూర్పు. తాళ్లు బాగున్నాయి. నీళ్లు ఎక్కువ వచ్చాయి.

పై వరసలో ఆఖరి మాట తప్పు రాయలేదు. నీళ్ల పడవవాడు ముగ్గురి వాటా పోశాడు.

"ఇద్దరమే కదా" అన్నాను.

వాడు చీటీ చూసుకున్నాడు. "ఆరో వరస, భవాని గారిల్లు. ఒక ఆడ, ఇద్దరు మగ. ముగ్గురే."

ఇద్దరు మగ ఎవరు? సూరిబాబు నాకేసి, నేను సూరిబాబుకేసి చూసుకున్నాం. లోపలికెళ్లి పెట్టె తెరిచి చూశాం. కెమెరా మనుషుల చుట్టూ గీత గీసి చూపిస్తుంది. నా చుట్టూ ఒకటి, సూరిబాబు చుట్టూ ఒకటి. గుమ్మం పైన, పెద్ద మీసాలతో, రేయింబవళ్లు కదలకుండా నిలబడ్డ పెద్దమనిషి చుట్టూ ఒకటి.

దిష్టిబోయాను మా ఇంటి మనిషిగా రాసుకుంది.

సూరిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల రోజుల తరవాత వదిన కూడా నోరు మూసుకోకుండా నవ్వింది. అంతలో నాకు మస్తాన్ గారి చిన్న గాజు గుర్తొచ్చింది. వేడి చూసే కన్ను మీద బొట్టు పెట్టిన మహాతల్లిని నేనే. దానికి వేడి తెలియక, మొహం కనపడగానే మనిషే అనుకుంది.

"తుడిసేత్తాను" అని సూరిబాబు గుడ్డ తీసుకున్నాడు.

"ఆగు" అన్నాను.

నీళ్ల గురించి కాదు నా ఆలోచన. రక్షణ పడవలో మా ఇంటికి ఇప్పుడు మూడు చోట్లున్నాయి. మూడోది బోయా గారిది. తుఫాను వస్తే బోయా గారు ఎలాగూ ఎక్కరు.

సూరిబాబు గుడ్డ దులిపి కొక్కేనికి తగిలించాడు. "తప్పు కదంటావా?" అన్నాడు.

"ఇంట్లో ముగ్గురున్నారు. లెక్క ముగ్గురంటోంది. ఇందులో తప్పెక్కడుంది?"

ఆ సాయంత్రం వదిన చెంబులు లెక్కపెట్టుకోకుండా తలారా స్నానం చేసింది. నెలలో మొదటిసారి.

త్రయోదశి. గాలి తూర్పు, పెరుగుతోంది. తాళ్లకు రెండో ముడి వేశాను.

పెట్టె గంట కొట్టింది. తెరలో అన్నయ్య, చంకలో పొట్లం. వదిన కొట్టులోకి వెళ్లి తలుపు మూసుకునేంత సమయం దొరికింది. కెమెరా మొదటిసారి తన పని చేసింది.

వాడు గుమ్మంలోనే నిలబడి, "రెండో మగాడెవడే ఇంట్లో?" అన్నాడు.

"ఏ మగాడన్నయ్యా?"

"లెక్కలో సూసేను. అద్దెకెవడినన్నా ఎట్టేరా?" అంటూ తల ఎత్తాడు. బోయా వాడి నెత్తి మీదే ఉంది. చూశాడు, వెనక్కి తిరిగి కెమెరాను చూశాడు, బొట్టును చూశాడు. మరుక్షణం గుమ్మంలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "బొట్టెట్టి దాని కన్ను మూసేవా? ఓసి నీ బక్తి కూలా. రేపు లెక్క సరిసేయిత్తాను."

"వద్దు. దిష్టిబోయాని ఇంట్లోంచి తీసేయకూడదు. లెక్కలోంచి తీసినా తీసినట్టే. గాలి సూడు ఎలా ముదురుతుందో. ఇప్పుడా ఆయన్ని కదపడం?"

వాడికి కెమెరాలన్నీ తెలుసు, అయినా దిష్టికి నాకన్నా భయం. చెంపలేసుకున్నాడు. "సరేలే, ఉండనీ. బోయా గారు కూడా రెండు సెంబులు నీల్లు తాగుతారు" అని, జేబులోంచి ఊరి లెక్కలు కనపడే చిన్న పలక తీసి, మా ఇంటి లెక్క దగ్గర తనిఖీ అయినట్టు వేలిముద్ర వేశాడు. తరవాత పొట్లం విప్పాడు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. "అడిగేవు కదా. ఇంద."

చీర అందుకున్నాను. మంచినీళ్లిచ్చాను. వాడు తాగి, సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. మొహం మెల్లగా మారింది.

"మీ వదిన జాడ తెలిసిందా ఎక్కడన్నా?"

"తెలిస్తే నీకు సెప్పనా."

"దొరకాలే గానీ, కాల్లు ఇరగ్గొట్టి మూల కూకోబెడతాను. మల్లీ గుమ్మం దాటదు. దాన్ని ఎవరింట్లో దాసేరో తెలిసిందనుకో, ఆ ఇంటి తాడు కోసేత్తాను. సముద్రంలోకి పోవాలి, ఇంటిల్లిపాదీ."

తేలూరులో ఎంత కోపమొచ్చినా ఆ మాట అనరు. పిల్లలు ఆటలో అంటే మూతి మీద కొడతాం. ఇంటి తాడు కోయడమంటే అందులో ఉన్నవాళ్లందర్నీ చంపడమే. వాడు మా గుమ్మంలో కూర్చుని మా ఇంటి తాడు కోస్తానని నాతోనే అన్నాడు. నేను చీర మడత సరిచేస్తూ ఉండిపోయాను. ఏమన్నా అంటే నా గొంతు నన్ను పట్టించేస్తుందని తెలుసు.

వాడు వెళ్లాక కొట్టు తలుపు తీశాను. వదిన తాళ్ల చుట్ట మీద ముడుచుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది. నేను ఆమె పక్కన కూర్చుని, పెట్టెలో ఆ కాస్త మళ్లీ పెట్టి చూశాను. వాడి మొహం, వాడి మాట, చివరి అక్షరం దాకా స్పష్టంగా ఉన్నాయి. ఆ పెట్టె మా ఇంటిది. చూపించాలో వద్దో నిర్ణయించాల్సింది మేమే.

"ఎప్పుడు సూపిత్తావు?" అంది వదిన.

"నువ్వు సూపించమన్నప్పుడు."

బహుళ పాడ్యమి. తుఫానులో అందరూ తలదాచుకునే ఓడ మీద రాస్తున్నాను. ఇల్లు ఎలా ఉందో తెలియదు.

పౌర్ణమి పోటుకు తోడు తుఫాను. నిన్న పొద్దున్నుంచే చివరి వరసల్లో తాళ్లు తెగడం మొదలైంది. మధ్యాహ్నానికి శంఖం ఊదారు, ఇళ్లు ఖాళీ చేయమని. వాన గోడలా వచ్చి పడుతోంది. మూటలు కట్టుకున్నాం. అన్నయ్య పెట్టిన చీర కట్టుకుని, కెమెరా పెట్టెను దాని కొంగున ముడేసి బొడ్లో దోపాను.

వదిన కదల్లేదు. "లెక్కలో లేనిదాన్ని. మీరెల్లండి."

"లెక్కలో ఉన్నావు. మీసాలతో ఉన్నావు. పద" అని రెక్క పట్టుకుని లేపాను. సూరిబాబు తన వాన కోటు ఆమెకు తొడిగి, తను గోనెపట్టా కప్పుకున్నాడు.

రక్షణ పడవ వరస వెంట వచ్చింది. చుక్కాని దగ్గర సరంగు మహాలక్ష్మమ్మ. ఎక్కే చెక్క దగ్గర, లెక్కల పలక పట్టుకుని, కళ్లగది తరఫున మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. వాడు ఇక్కడ ఉంటాడని నాకు తట్టలేదు. వెనక్కి వెళ్లడానికి వెనక ఏమీ లేదు.

"ఆరో వరస, భవాని ఇల్లు, ముగ్గురు" అని చదివి, నన్ను చూసి ఇంత వానలోనూ నవ్వాడు. "బోయా గార్ని కూడా తెచ్చేరేంటి?"

గాలికి వదిన తల మీది ముసుగు వెనక్కి పడింది.

వాడి నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి. నాకేసి చూశాడు. "నువ్వా భవానీ" అన్నాడు. అరవలేదు, మామూలుగా అన్నాడు. వాడు అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"నేనే" అన్నాను.

వాడు చెక్కకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. "ఇది లెక్కలో లేదు. మూడోది బోయా. నాకు తెల్సు. మూడోది మగ."

మహాలక్ష్మమ్మ చుక్కాని వదలకుండానే అరిచింది. "ఏంటాలీసం అక్కడ?"

"సరంగు గారూ, ఈ మడిసికి సోటు లేదండి. లెక్క తప్పు."

"తప్పని తెలిసి నువ్వే ముద్దరేసేవు అన్నయ్యా. ముగ్గురని నీ ఏలిముద్ర ఉంది" అన్నాను.

"పలక ముగ్గురంటంది, ఎదురుగా ముగ్గురున్నారు. ఆడో మగో తరవాత సూద్దాం, ముందు ఎక్కించు" అంది మహాలక్ష్మమ్మ.

వాడు చెయ్యి తియ్యలేదు. వదిన మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వెక్కు. ఇది నాతో వత్తాది" అన్నాడు.

వదిన నాకేసి తిరిగింది. "సూపించు భవానీ" అంది.

కొంగు ముడి విప్పాను. తడి వేళ్లతో పెట్టె తెరిచి, దాని గొంతు పూర్తిగా పెంచి, పడవలోకి చాచాను. వాన చప్పుడు మీదుగా మా అన్నయ్య గొంతే వినపడింది. కాల్లు ఇరగ్గొట్టి మూల కూకోబెడతాను అంది. ఆ ఇంటి తాడు కోసేత్తాను అంది. ఇంటిల్లిపాదీ అంది.

పడవలో అప్పటిదాకా ఏడుస్తున్న పిల్లలు, అరుస్తున్న ముసలివాళ్లు, అందరూ ఆగిపోయారు. వాళ్లలో సగం మంది తాళ్లు ఆ పొద్దునే తెగి ఉన్నాయి. ఎవరో ఒక ముసలామె "తాడా?" అంది. అన్నయ్య చెయ్యి దానంతటదే జారింది.

"పలక ఇటియ్యి" అంది మహాలక్ష్మమ్మ. వాడు ఇచ్చాడు. "నువ్వు ముందు కొసకెల్లి కూకో. ఓడ సేరేదాకా ఇటు తిరక్కు." వాడు వెళ్లి కూర్చున్నాడు. వీపు మాత్రమే కనపడింది.

ఆమె పలకను పక్కవాడి చేతిలో పెట్టి, వదినను అడిగింది. "పేరేంటమ్మా? రాయించాలి."

నేను చెప్పబోయాను. వదిన నా చెయ్యి నొక్కి ఆపింది.

"నీలవేణండి" అంది. సరిగ్గా వినపడలేదనుకుందో ఏమో, మళ్లీ గట్టిగా చెప్పింది. "నీలవేణి. ఆడ మడిసి."

ఓడ ఎక్కాక నేను ఏడ్చాను. వాడి కోసం ఏడ్చానో, ఇన్నాళ్లూ నాకు తెలిసిన ఆ మంచి అన్నయ్య కోసం ఏడ్చానో చెప్పలేను. వాడి చీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. వదిన దాని కొంగు పిండి, నా భుజాల మీద తను తొడుక్కున్న కోటు కప్పింది.

బహుళ సప్తమి. గాలి ఆగ్నేయం. తాళ్లు నాలుగూ నిలిచాయి. నీళ్లు సరిపోయాయి.

పై వరసలో "నాలుగూ నిలిచాయి" అని రాస్తున్నప్పుడు కాస్త గర్వపడ్డాను. అవి నేను అల్లినవి.

తాళ్ల పెద్దలు పెట్టెలోది చూశారు. అన్నయ్య దగ్గర కళ్లగది తాళం తీసేసుకున్నారు. మా వరస వంతెన ఎక్కకూడదన్నారు. ఎక్కితే మాకు గంట కొడుతుంది, ఆ సంగతి వాడికీ తెలుసు. వాడికి అన్నం ఎవరు వండుతున్నారోనని ఒకసారి అనిపించింది. రెండోసారి అనిపించనివ్వలేదు.

ఇల్లు దెబ్బతినలేదు. బోయా గారి మీసం ఒకవైపు కడుక్కుపోయింది. కెమెరా కర్ర వంగింది గానీ విరగలేదు, పసుపంతా పోయినా ఆ కుంకుమ మాత్రం గాజుకు పట్టుకునే ఉంది. పొద్దున తడిగుడ్డతో తుడిచేశాను.

సాయంత్రం వదిన తడి తలతో, దువ్వెన పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అలవాటుగా ఆగింది. తరవాత ఒక కాలు బయట పెట్టింది. రెండోది పెట్టింది. ముంగిట్లో నడిచి, కర్ర కింద నిలబడి, తల ఎత్తి కెమెరాను చూసింది.

"నాకేసి సూత్తందా?"

"సూత్తంది."

"ఎవరికి సెప్తాది?"

పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అందులో తన చుట్టూ గీసిన గీతను చాలాసేపు చూసుకుంది. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పొద్దు పూర్తిగా వాలేదాకా జుట్టు ఆరబెట్టుకుంది.

చీకటి పడ్డాక వచ్చిన నీళ్ల పడవవాడి చీటీలో ఇద్దరు ఆడ, ఒక మగ అని ఉంది. మొత్తం ముగ్గురు. కిందటి వారమూ ముగ్గురే కాబట్టి, లెక్క సరిచూసుకోమని ఎవరూ రాలేదు.